తోటలో ఇళ్ళు లేవని రాసేను

ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్ళయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మంచి చీర కట్టుకుని ఏ పెళ్ళికో వెళ్ళి నలుగురితో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఎవరైనా "మీరు చాలా నిక్కచ్చి మనిషండీ" అన్నారంటే చాలు, ఒళ్ళు మండిపోతుంది నాకు. అన్నవాళ్ళ తప్పేముంది పాపం. వాళ్ళకి తెలీదు.

మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే దమ్ముంటే ఇన్నేళ్ళు పట్టేదా? నా పేరు మాత్రం రాయను. చూసేరా, ఒప్పుకుంటానని కూర్చుని మొదట్లోనే పిరికితనం బయటపెట్టుకున్నాను. పోనివ్వండి.

అమలాపురంలో ఒక ఆఫీసు, అందులో మేపులు, అంటే నేల పటాలు, చేసే సెక్షను, అందులో కాంట్రాక్టు ఉద్యోగం నాది. ఏ నేలలో ఏముందో రాయడం మా పని. వరి, కొబ్బరి, రొయ్యల చెరువు, బీడు, ఇళ్ళు. ఆకాశం నుంచి తీసిన ఫోటోని కంప్యూటరు మీద పెట్టుకుని ఒక్కో సర్వే నంబరుకీ ఒక్కో రంగు వేస్తాం. వరికి పసుపు, కొబ్బరికి ఆకుపచ్చ, ఇళ్ళకి ఎరుపు. రంగులేసేక, ఈ పనికి ఇచ్చిన యాప్ ఉన్న టేబ్ పట్టుకుని ఆ ఊరు వెళ్ళాలి. ఊళ్ళో పెద్దమనిషిని ఒకర్ని వెంటబెట్టుకుని తిరిగి, వేసిన రంగు సరైందో కాదో కళ్ళతో చూసుకోవాలి. వచ్చిన పెద్దమనిషి పేరూ ఫోన్ నంబరూ 'స్థానిక సాక్షి' అన్న చోట ఎక్కించాలి. అప్పుడు ఆ మేప్ పైకి వెళ్తుంది. రోడ్డు ఎటు వెయ్యాలి, మురుగు కాలువ ఎటు తవ్వాలి, చెరువులకి ఎక్కడ అనుమతివ్వాలి, అన్నీ దాన్ని చూసే తేలుస్తారు. ట్రైనింగులో ఇదంతా చక్కగా చెప్పేరు. నేను బుద్ధిగా తలూపేను కూడా.

చిక్కల్లా మన కోనసీమతోనే. మన ఇళ్ళు తోటల్లో ఉంటాయి. పై నుంచి చూస్తే కొబ్బరి తలలు తప్ప ఇంకేం కనబడవు. డాబా, పెంకుటిల్లు, పశువుల పాక, నుయ్యి, ఆరేసిన బట్టలు, అన్నీ ఆ మట్టల కిందే. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఆ యాప్ తయారుచేసిన మహానుభావుడికి చెట్టు కింద ఇల్లుంటుందని తట్టినట్టు లేదు. తోట అని నొక్కితే, "ఇందులో నివాసాలున్నాయా?" అని అడుగుతుంది. ఉన్నాయి అన్నామా, ఇంకో పేజీ తెరుచుకుంటుంది. ప్రతి ఇంటికీ హద్దు గియ్యాలి, ఎదురుగా నిలబడి ఫోటో తియ్యాలి. సిగ్నలుండదు. ఫోటో ఎక్కదు. ఎక్కినట్టే ఎక్కి టేబ్ ఆగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తాం. ఎన్నిసార్లు ఆ టేబుని కాలవలోకి విసిరేద్దామనుకున్నానో. అదే లేవు అన్నామనుకోండి, ఒక్క నొక్కు. తోటంతా పచ్చగా నిండిపోతుంది, పని సుబ్బరంగా అయిపోతుంది.

అందరం లేవనే నొక్కేవాళ్ళం. ఆ పనికి మాలో మాకు 'తోట కొట్టెయ్యడం' అని పేరు కూడా ఉండేది. "ఏవండీ, ఆ ఊరు కొట్టేసేరా?" "ఆయ్, కొట్టేసేనండి, టీకి పదండి." ఇదీ మా మాటల తీరు. మా సెక్షను సార్‌కి తెలుసు. ఆయన నెత్తి మీద గడువుంది, ఆయన పైవాళ్ళ నెత్తి మీద ఇంకో గడువుంది. నేలంతా తిరగాలంటే బండికి పెట్రోలెవరిస్తారు, మాకెవరూ ఇవ్వలేదు. ఈ ఏడుపంతా ఎన్నిసార్లు నాకు నేను వినిపించుకున్నానో లెక్కలేదు. అన్నీ నిజాలే. నిజాలే గాని, ఒక్కటీ నాకు పనికిరావు. మిగతావాళ్ళు తెలియని ఊళ్ళ తోటలు కొట్టేసేరు. నేను కొట్టేసిన తోట నాకు తెలుసు.

రాజోలు దాటి అంతర్వేది వెళ్ళే దారిలో, ఒక మురుగు కాలువ అవతల ఉంటుందా తోట. ఒకప్పుడు మావాళ్ళు ఆ చుట్టుపక్కల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. మిషను బడిలో చదువుకుని మేష్టర్లు, నర్సులు, గుమాస్తాలు అయ్యేరు. కూడబెట్టుకుని ఆ తోట కొనుక్కుని, చెట్ల మధ్య ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. ఆ వరసలో చర్చికి దగ్గరగా ఉన్నది మా బాబాయి గారిల్లు. మా నాన్న తమ్ముడాయన. పేరు దేవసహాయం. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యేరు. ఊరంతటికీ మేష్టారు. ఇద్దరి మధ్య గట్టు తగువొస్తే ఆయన మాటే ఆఖరి మాట. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. వేసవి సెలవులన్నీ నేను ఆ ఇంట్లోనే గడిపేను. వాళ్ళ నూతి నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవంటే, కాలువ ఇవతల నుంచి కూడా ఆడవాళ్ళు బిందెలేసుకుని వచ్చేవారు.

అంత తెలిసినదాన్ని, మరి ఎందుకు చేసేను? వాన పడుతోంది ఆ రోజు. బస్సెక్కి, ఆటో ఎక్కి, ఆ కాలువ గట్టు మీద బురదలో నడవాలి. వెళ్తే బాబాయి గారి భార్య లీలమ్మ పిన్ని ఊరికే పంపదు. కోడి కొయ్యాలంటుంది, ఇంకాసేపుండమంటుంది, పెళ్ళైన ఇన్నాళ్ళకి ఒక్కసారైనా వచ్చేవా అని దెప్పుతుంది. రోజంతా పోతుంది. సార్ చూస్తే సాయంత్రానికి మేపు కావాలని ప్రాణం తీస్తున్నారు. ఇవేనా కారణాలు? ఇవే. ఇంత చిన్న కారణాలా అని మీకనిపిస్తే, నాకూ అలాగే అనిపిస్తుంది. ఏ లంచమో తీసుకుని చేసుంటే కనీసం దొంగనని తెలిసేది. బద్ధకంతో చేసేను. పిన్ని పెట్టే అన్నం తినడానికి బద్ధకించి చేసేను.

తోట అని నొక్కేను. నివాసాలు లేవు అని నొక్కేను. సాక్షి పేరు లేకపోతే అది ముందుకి కదలదు. ఆ ఊళ్ళో ఎవరి నంబరు నాకు నోటికొచ్చు? బాబాయి గారిదే. ఆయన పేరు కొట్టేను, నంబరు కొట్టేను. మనవాళ్ళే కదా, ఏమనుకుంటారులే అనుకున్నాను. ఆయన్ని ఒక్క మాటైనా అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. మా సెక్షనులో అందరూ అలాగే మేనమామ పేరో బావగారి పేరో కొట్టేవారు. టీ తాగడానికి వెళ్ళిపోయేను.

కొన్ని నెలల తరవాత ఆ తోట వెనక వరి చేలల్లో మిషన్లు దిగేయి. ఎవరో పెద్దవాళ్ళు ఆ చేలన్నీ కలిపి తీసుకుని రొయ్యల చెరువులకి అర్జీ పెట్టుకున్నారు. ఇళ్ళకి దగ్గర్లో చెరువులు తవ్వకూడదని నిబంధనుంది. పైవాళ్ళు మేపు తెరిచి చూసేరు. చేల పక్కన ఉన్నదంతా కొబ్బరి, ఇళ్ళు లేవు. అనుమతిచ్చేసేరు. అలాంటి నిర్ణయానికి మా మేపు వాడతారని ఆ రోజు నేను అనుకోలేదు అని చెప్పుకోవాలని ఉంటుంది నాకు. ట్రైనింగులో తలూపినదాన్ని, ఎలా చెప్పుకోను?

ఉప్పునీళ్ళు తెచ్చి చెరువులు నింపేరు. రెండో ఏటికి నూతి నీళ్ళతో పెట్టిన టీ విరిగిపోవడం మొదలైంది. పప్పు ఉడికేది కాదు. బిందెలేసుకుని వచ్చే ఆడవాళ్ళు మానేసేరు. కొబ్బరి మట్టలు వాలిపోయి, పిందెలు రాలిపోయి, కాసిన కాయ గుప్పెట్లో పట్టేంత అయింది. తోట వాళ్ళు అర్జీలు పెట్టేరు, తిరిగేరు, తిట్టేరు. చివరికి వాళ్ళలో కాస్త తెలిసిన కుర్రాడొకడు సమాచార హక్కు కింద కాగితాలు తెప్పించేడు. అందులో స్పష్టంగా ఉంది. ఈ పరిధిలో నివాసాలు లేవు. స్థానిక సాక్షి, దేవసహాయం, రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు. నా పేరు ఎక్కడా లేదు. నా బదులు ఆపరేటర్ కోడు అని ఏవో అంకెలున్నాయంతే.

ఇంకేముంది, మేష్టారే చెప్పేరంట, మేష్టారే మనందర్నీ చెరువుల వాళ్ళకి అమ్మేసేరంట అని గుప్పుమంది. ఆయన ఉత్త మనిషైతే ఒకళ్ళో ఇద్దరో నమ్మేవారు. ఆయన మాటంటే అంత గౌరవం ఉండబట్టే అందరూ నమ్మేరు. మేష్టారు ఇళ్ళు లేవంటే ఆఫీసరు ఎందుకు కాదంటాడు అన్నారు.

అప్పుడొచ్చేరు బాబాయి గారు మా ఇంటికి. చొక్కా జేబులో ఆ కాగితం మడిచి పెట్టుకుని, పొద్దున్న బస్సుకే వచ్చేసేరు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నారు. కాగితం విప్పి నా చేతికిచ్చేరు.

"అమ్మాయ్, నువ్వు ఈ పనిలోనే ఉన్నావు కదా. నా పేరు ఇందులోకి ఎలా వచ్చిందంటావు?"

నేను చదువుతున్నట్టు నటించేను. అక్షరం కనబడితే ఒట్టు.

"నేనెవరితోనూ ఏమీ అనలేదమ్మా. అసలు ఎవరూ రానేలేదు మా తోటకి. నా ఇంట్లో కూర్చుని ఇక్కడ ఇల్లు లేదని నేనెలా అంటాను చెప్పు?"

"కంప్యూటరండీ బాబాయి గారూ," అన్నాను. "పాత లిస్టుల్లోంచి పేర్లు దానంతటదే లాగేస్తుందండి. ఒక్కోసారి అలా పడిపోతాయి."

ఆయన మొహం విచ్చుకుంది. అది చూడలేకపోయేను.

"ఆయ్, కంప్యూటరా! అదే అనుకున్నాను. మీ పిన్నితో కూడా అన్నాను, మనుషులెవరూ ఇలాంటి పని చెయ్యరే అని." మొహమాటపడుతూ అడిగేరు. "ఆ ముక్క ఒక కాగితం మీద రాసిస్తావా అమ్మా? మనవాళ్ళకి చూపిస్తాను."

"అలా ఇవ్వకూడదండి. రూల్సు ఒప్పుకోవు."

"సరే సరే, వద్దులే. నీ ఉద్యోగానికి ఇబ్బందెందుకు."

టిఫిను తినమంటే తినలేదు. చర్చిలో కమిటీ ఉంది, అందరూ వస్తారు, అక్కడే చెప్పేస్తానని గబగబా బయల్దేరేరు. బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించేను. కిటికీలోంచి చెయ్యి ఊపేరు. ఆ బస్సు కదిలేలోగా నేను నోరు తెరవొచ్చు. బస్సు డ్రైవరు టీ తాగడానికి దిగేడు కూడా, కావలసినంత సేపుంది. తెరవలేదు. ఎందుకు తెరవలేదు? ఉద్యోగం పోతుందని భయమా? కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క ఫోను కాల్ చాలు పీకెయ్యడానికి. ఆ భయం ఉంది, కాదనను. కానీ దాన్ని మించిన భయం ఇంకోటుంది. మనుషులెవరూ అలా చెయ్యరని అన్నారే, ఆ మనిషికి ఎదురుగా నిలబడి నేను చేసేనని చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

ఆయన మాత్రం నేను చెప్పిన అబద్ధాన్ని నమ్ముకుని ఊరంతా తిరిగేరు. కంప్యూటరు తప్పంట, మా అమ్మాయి చెప్పింది, అదే పనిలో ఉంది అది అని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పేవారట. "కంప్యూటరుకి ఇన్ని పేర్లుండగా మీ పేరే దొరికిందా మేష్టారూ?" అని నవ్వేవారట. పిన్ని చెప్పింది నాకిదంతా, మామూలుగా చెప్పింది, నన్ను అనడానికి కాదు. ఆదివారం ఆయన వాక్యం చదవడానికి లేస్తే వెనక బెంచీలు ఖాళీ అయిపోయేవట. కొన్నాళ్ళకి పాస్టరు గారే మెల్లిగా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పేరు. తగువులు తీర్చమని వచ్చేవాళ్ళు లేరు. పక్కింటి వాళ్ళు ఎదురుపడితే ఇవతలి గట్టు దిగి అవతలి గట్టెక్కేవారు. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. తనే తగ్గి మాట్లాడేవారు. దాంతో అదే రుజువైపోయింది వాళ్ళకి, తప్పు చేసినవాడు కాబట్టి తగ్గుతున్నాడని.

నేనేమీ చెయ్యలేదా? చేసేను, చెబితే మీకు కోపమొస్తుంది. మేపు సరిచేసే పని మళ్ళీ వచ్చినప్పుడు ఆ ఊరు అడిగి మరీ తీసుకున్నాను. ఈసారి బురదలో నడిచేను. ప్రతి ఇంటి ముందూ నిలబడి ఫోటో తీసేను. టేబ్ ఆగిపోతే మళ్ళీ మొదట్నించీ చేసేను. ఇళ్ళన్నిటికీ ఎరుపు రంగు వేసేను. అప్పటికి సగం ఇళ్ళకి తాళాలున్నాయి. మంచినీళ్ళు కొనుక్కుని బతకలేక రాజోలుకీ అమలాపురానికీ అద్దెలకి వెళ్ళిపోయేరు. మనుషులున్నప్పుడు ఇళ్ళు లేవు, ఇళ్ళు ఎక్కించేక మనుషులు లేరు. చెరువులు మాత్రం చెక్కు చెదరలేదు, ఒకసారిచ్చిన అనుమతి మేపు మారిందని పోదట. పాత రికార్డులో సాక్షి పేరు తీసెయ్యొచ్చా అని సార్‌ని అడిగేను, ఏదో తెలీనట్టు. ఒకసారి పైకి పోయింది పైకి పోయినట్టే, దాంతో నీకేం పనమ్మా అన్నారు. నాకేం పని. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

బాబాయి గారు వెళ్ళిపోయేరు. గుండె నొప్పి. రాజోలు తీసుకెళ్ళేలోగానే. ఉప్పునీళ్ళ వల్లో, మనుషుల మాటల వల్లో పోయేరని నేననను, వయసు మీదపడిన మనిషి. అలా అని నన్ను నేను ఓదార్చుకోనూ లేను.

జ్ఞాపకార్థ కూడిక ఆ తోటలోనే, ఇంటి ముందే షామియానా వేసి పెట్టేరు. మావాళ్ళలో అలవాటుంది, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు చెబుతారు. తోట వాళ్ళు వచ్చేరు. రాకపోతే బాగోదని వచ్చి, వెనక కుర్చీల్లో కూర్చున్నారు. అద్దెలకి వెళ్ళినవాళ్ళు కూడా వచ్చేరు. మేష్టారి గురించి ఎవరైనా మాట్లాడతారా అని పాస్టరు గారు అడిగేరు. ఎక్కడో దూరం నుంచి వచ్చిన పాత శిష్యుడు ఒకతను మాట్లాడేడు. తోట వాళ్ళలో ఒక్కరూ లేవలేదు. మళ్ళీ అడిగేరు. అప్పుడు లీలమ్మ పిన్ని నా వైపు చూసి, వెళ్ళి చెప్పమని చేత్తో సైగ చేసింది.

లేచేను. మైకు నా చేతిలో ఉంది. ఆయన బతికినన్నాళ్ళూ ఎవరిని నమ్మించడానికి ఊరంతా తిరిగేరో వాళ్ళందరూ నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఒక్క ముక్క చాలు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, ఆయన కాదు నేను అంటే చాలు. మా బాబాయి గారు నాకు ఎక్కాలు నేర్పేరన్నాను. ఎంతో ప్రేమ గల మనిషన్నాను. ప్రభువు ఆయన ఆత్మకి శాంతినివ్వాలన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. కూర్చున్నాను.

భోజనాలయ్యేక చేతులు కడుక్కుంటుంటే నా వెనక ఇద్దరు తోట మనుషులు మాట్లాడుకుంటున్నారు. నేనున్నానని చూసుకోలేదు. "మంచోడేరా, ఆ ఒక్క పనీ చెయ్యకుండా ఉంటే" అన్నాడొకాయన. రెండో ఆయన ఊఁ కొట్టేడు.

నేను అలాగే చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయేరు.

ఆ ఒక్క పనీ ఆయన చెయ్యలేదండీ. ఆ రోజు ఆ తోటకి ఏ ఆఫీసరూ రాలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కంప్యూటరు దానంతటది ఎవరి పేరూ లాగలేదు. అమలాపురంలో ఫేను కింద కూర్చుని ఇళ్ళు లేవని నేను రాసేను, సాక్షిగా దేవసహాయం గారి పేరు నేను పెట్టేను. పిన్నికి ఇది ఇంకా చెప్పలేదు. చెబితే నన్ను గుమ్మం ఎక్కనిస్తుందో లేదో తెలీదు. క్షమించమని అడగడానికి ఆయన లేరు, ఇంకెవరినైనా అడిగే మొహం నాకు లేదు. కానీ ఈ నాలుగు ముక్కలూ రాసేక, ఎన్నాళ్ళకో కాస్త ఊపిరాడుతోంది. అదైనా నాకు దక్కాలా అంటే, ఏమో.

ఇది చదివినవాళ్ళలో ఆ తోట వాళ్ళెవరైనా ఉంటే ఒక్క మాట. ఇంక మేష్టార్ని అనకండి. నన్ను అనండి.